మీ ఇల్లే అనుకోండి

జయమ్మగారికి కంటి ఆపరేషనై అది మూడో రోజు. కుడి కంటి మీద ఆకుపచ్చ గుడ్డ, దాని మీద నల్లద్దాలు. వంగకూడదు, తుమ్మకూడదు, తలంటుకోకూడదు.

“ఇన్ని కూడదులు మా అత్తగారు కూడా పెట్టలేదే,” అని సణిగిందావిడ.

“ఆ అద్దాల్లో హీరోలా ఉన్నావు మామ్మా. మీసం ఒక్కటే తక్కువ,” అంది మనవరాలు బిందు.

“ఉందిలే, నువ్వు సరిగ్గా చూళ్ళేదు.”

బిందు డిగ్రీ రెండో సంవత్సరం. కొత్తపేట కాలేజీలో లెక్చరర్లకి మారుపేర్లు పెట్టడంలో దాని తరవాతే ఎవరైనా. ఆ రోజు వాళ్ళమ్మ కళ్యాణి చెల్లెలి సీమంతానికని ఆలమూరు వెళ్తూ, చుక్కల సీసా కూతురి చేతిలో పెట్టి గట్టిగానే చెప్పింది. “రెండు గంటలకోసారి వెయ్యాలి. తప్పితే కన్ను పోయినా పోవచ్చన్నారు డాక్టరుగారు. ఫోను చూసుకుంటూ మర్చిపోయేవో, ఊరుకోను.”

మర్చిపోతానేమోనని తనకీ భయమే. నాలుగింటికి గుడ్డ ఎత్తి చుక్కలు వేసి, మళ్ళీ కప్పి, ఆ సీసాని చున్నీ కొంగున ముడేసుకుంది. తను నడుస్తున్నప్పుడల్లా అది మోకాలికి తగులుతూ గుర్తు చేస్తోంది.

మధ్యాహ్నం నుంచీ ముసురు. కొబ్బరి తోటలో చీకటి అప్పుడే దిగిపోయింది. దొడ్లో నానుతున్న కొబ్బరి పీచు వాసన ఇల్లంతా పరుచుకుంది. కరెంటు పోయింది. మామ్మ లోపలి గదిలో నిద్రపోయింది. ఏం తోచక బిందు అమలాపురంలో సెల్లు షాపులో పనిచేసే సాయి కిరణ్‌కి ఫోను చేసింది. వాడు మేనమామ కొడుకు. వారం రోజులుగా ‘మాయలంక’ అనే ఆట గురించి ఊదరగొడుతున్నాడు.

“బొమ్మలుండవా బావా?”

“ఉండవు. అంతా అక్షరాలే. నువ్వు తలుపని రాస్తే అక్కడ తలుపుంటుంది.”

“రొయ్యల కూరని రాస్తానైతే. ఇవాళ మా ఇంట్లో పచ్చడే.”

“వెటకారం తరవాత. ముందో పేరు పెట్టుకో. తరవాత ఓ గది కట్టుకో. నువ్వు రమ్మనందే ఆ గదిలోకి ఎవరూ రాలేరు. నీ మనిషి ఏం చేస్తుందో అదే రాయి. ఎదుటివాళ్ళ సంగతి వాళ్ళే రాసుకుంటారు.”

“ఎవరైనా విసిగిస్తే?”

“‘పంపు’ అని కొట్టు. బయట పడతారు. ఇంకోటి... కోట రాయి, గుహ రాయి. మీ ఇల్లు మాత్రం రాయకు.”

“ఏం, రాస్తే ఏమవుద్ది?”

“నాకూ తెలీదే. పాతవాళ్ళు వద్దంటారు. అంతే.” అక్కడితో లైను తెగిపోయింది.

బిందు తనకి ‘పీచురాణి’ అని పేరు పెట్టుకుంది. కోట రాద్దామని మొదలెట్టి, బురుజుల దగ్గరే బద్ధకించింది. రెండు లైన్లు చెరిపేసి, తమ ఇల్లే ఉన్నదున్నట్టు రాసేసింది.

“వీధరుగు. దాని మీద ఇత్తడి చెంబుతో మంచినీళ్ళు. సావిట్లో తాతగారి పేము కుర్చీ. ఆయన పోయేక దాంట్లో ఎవరూ కూర్చోరు. లోపలి గదిలో మామ్మ నిద్రపోతోంది.”

ఇంకా చెయ్యి తీయనే లేదు.

“గుమ్మం బయట ఎవరో ఉన్నారు,” అని వచ్చింది తెర మీద. దాని కింద పేరు, బాటసారి. “ఆయ్, లోపలికి రావచ్చాండీ?”

బిందుకి నవ్వొచ్చింది. ఎవరో గోదావరి వాళ్ళే! నవ్వుతూనే టకటకా కొట్టేసింది. “అయ్యో, అదేం మాటండీ! రండి, రండి. మంచినీళ్ళు పుచ్చుకోండి. భోంచేసి వెళ్దురుగాని. మీ ఇల్లే అనుకోండి.”

కరెంటు బిల్లు కొట్టడానికి వచ్చిన కుర్రాడికైనా వాళ్ళింట్లో ఈ మాట చెప్తారు. విన్నవాళ్ళు చెంబెడు మజ్జిగ తాగి, దణ్ణం పెట్టి పోతారు. నిజంగా ఇల్లనుకున్నవాడు ఇంతవరకూ లేడు.

బాటసారి జవాబు ఒక్కో అక్షరమే నింపాదిగా వచ్చింది.

“ఆ మాట విని చాలా ఏళ్ళయిందండీ.”

మళ్ళీ... “బాటసారి చెంబెత్తి నీళ్ళు తాగేడు.”

బయట అరుగు మీద టంగుమంది.

పిల్లి అయ్యుంటుంది. అలా అనుకుంటూనే తలుపు తీసి చూసింది. వాన జల్లుకి అరుగంతా తడిసి మెరుస్తోంది. చెంబు మాత్రం నిటారుగా ఉంది. వేలు పెట్టి చూస్తే లోపల చుక్క లేదు, తడి కూడా లేదు. పొయ్యి మీంచి దింపినంత పొడిగా ఉంది.

ఆ తడి అరుగు మీద, మెట్టు దగ్గర్నుంచి గుమ్మం దాకా, పొడి పాదాల గుర్తులు. మనిషి అడుగు పడ్డ చోటల్లా నీళ్ళు ఇంకిపోయినట్టు...

అన్నీ లోపలికే. బయటికి ఒక్కటీ లేదు.

బిందు తలుపు వేసి గడియ పెట్టింది. పెట్టేక గానీ తట్టలేదు, తను గడియ పెట్టింది ఎవరికి అడ్డంగానో. ఇంట్లో ఇప్పుడు పీచు వాసన లేదు. ఏళ్ళ తరబడి ఎండలో పడున్న కొబ్బరి డొక్కల వాసన. గొంతు తడారిపోయే వాసన.

చేతిలో ఫోను వెలిగింది.

“బాటసారి సావిట్లో నిలబడ్డాడు. ఆరవుతోంది కదండీ. పెద్దావిడకి చుక్కల వేళ.”

చుక్కల సంగతి తను ఎక్కడా రాయలేదు.

వెంటనే ‘పంపు’ అని కొట్టింది.

“ఇంటివారిని పంపడం కుదరదు.”

మళ్ళీ కొట్టింది.

“ఇంటివారిని పంపడం కుదరదు.”

సాయి కిరణ్‌కి ఫోను చేసింది. మోగలేదు. ఫోను కట్టేద్దామని పక్కనున్న మీట నొక్కి పట్టుకుంది. వెలుగు పోలేదు. ఇంకో లైను వచ్చింది.

“బాటసారి లోపలి గది తలుపు తీసేడు.”

కిర్రుమంది. ఆ తలుపు చప్పుడు బిందుకి పుట్టినప్పట్నుంచీ తెలుసు.

సావిట్లోంచి ఆ గదికి ఆరడుగులు. మామ్మ కన్ను... చున్నీ ముడి రెండు చేతులా పట్టుకుని, ఫోను చంకలో ఇరికించుకుని, గోడ పక్కనుంచే నడిచింది. మూడడుగులు. నాలుగు. గుమ్మం దగ్గర గాలి లేదు. వేడిగా, పొడిగా...

“మామ్మా,” అంది గొంతు తగ్గించి.

“మళ్ళీ ఏంటే?”

పిలుపు పలికేసరికి బిందుకి ప్రాణం లేచొచ్చింది. “బాగానే ఉన్నావా? చుక్కలు వేస్తాను, కదలకు.”

“ఇప్పుడేగా వేసేవు!”

“నేనా...?”

“నువ్వు కాక ఇంకెవరు? నీ చెయ్యేంటే, ఎండు డొక్కలా గరుగ్గా ఉంది? వెయ్యడం మాత్రం భలే వేసేవు. ఒక్క చుక్క కింద పడలేదు.”

బిందు ముడి తడిమింది. వేసిన ముడి వేసినట్టే ఉంది. లోపల సీసాని మెల్లిగా ఊపింది. నాలుగింటికి సగానికి పైగా ఉన్న సీసా...

చప్పుడు లేదు. ఖాళీ.

మామ్మ తలగడ పక్కన నల్లద్దాలు. వాటి పక్కన ఆకుపచ్చ గుడ్డ, నాలుగు మడతలు పెట్టి. ఆ గుడ్డ బిందు తియ్యలేదు. మామ్మ లేచి కూర్చుంది. మూడు రోజులుగా గుడ్డ చాటున ఉన్న కన్ను బాగా తెరిచి, రెప్ప వెయ్యకుండా చూస్తోంది.

బిందుని కాదు. బిందు భుజం మీంచి వెనక్కి.

“ఎంత బాగా కనబడుతోందే!” అంది మామ్మ. అని నొసలు చిట్లించింది. “ఇదేం మర్యాదే? ఆయన్ని అలా నుంచోబెట్టేవేంటి? కుర్చీ వెయ్యి.”

బిందు వెనక్కి తిరగలేదు.

చంకలో ఫోను వెలిగింది. తల వంచితే సగం తెర కనబడింది. ఈసారి లైను బాటసారిది కాదు.

“పీచురాణి తాతగారి కుర్చీ తెచ్చి వేసింది.”

తన రెండు చేతులూ ఇంకా చున్నీ ముడి మీదే ఉన్నాయి.

వెనక, సావిట్లోంచి, ఏదో బరువైనది నేల మీద ఈడ్చుకుంటూ వస్తోంది. గుమ్మం దాటింది. తన మడమల దగ్గర ఆగింది. పేము కిర్రు... కిర్రుమని, కూర్చున్నవాడి బరువుకి కుంగి, సర్దుకుంది.

మామ్మ పైట సర్దుకుని నవ్వింది. “ఇప్పుడు బాగుంది. మీ ఇల్లే అనుకోండి.”

కుర్చీలో ఉన్నది కదల్లేదు.

బయట, గడియ పెట్టిన తలుపు అవతల, అరుగు మీద చెంబు మళ్ళీ టంగుమంది.