సరస్సు దారిలో పట్టుకున్న చెయ్యి

ఆ ఆగస్టు శనివారం పొద్దున చలి పెద్దగా లేదు. సియెరా కొండల కింద కార్లు పార్క్ చేసి, థర్మోస్‌లో తెచ్చుకున్న టీ తాగాం. నేను, తొమ్మిదేళ్ళ నా కూతురు లూసీ, నాతోపాటు ఫ్రీమాంట్ హాస్పిటల్లో నర్సుగా పనిచేసే సుర్జీత్ కౌర్, ఆమె భర్త బల్బీర్ సింగ్. 1982వ సంవత్సరం అది.

పైన ఒక సరస్సు పక్కన చిన్న రాతిగది ఉంది. బల్బీర్ వాళ్ళ నాన్న అమెరికా వచ్చి యూబా సిటీ పీచ్ తోటల్లో పనిచేసేవాడట. హిమాలయాల్లో మంచు సరస్సు ఒడ్డున ఉన్న సిక్కుల పుణ్యక్షేత్రం హేమకుండ్ సాహిబ్‌కి వెళ్ళాలని ఆయన కోరిక. వెళ్ళలేకపోయాడు. అలాంటి సరస్సే ఇక్కడ కనిపిస్తే, స్నేహితులతో కలిసి రాళ్ళు మోసి ఆ గది కట్టాడు. ముందు ఒక కాషాయ జెండా నిలబెట్టాడు. ఏటా వేసవిలో వీళ్ళు ఎక్కి, గది ఊడ్చి, ప్రార్థన చేసుకుని, హల్వా వండి పంచుకుని దిగుతారు.

"నువ్వూ రా విమలా. ఇంట్లో కూర్చుని ఏం చేస్తావ్?" అంది సుర్జీత్.

నిజమే. మా ఆయన రత్నరాజు గుండెపోటుతో పోయి రెండేళ్ళు. అప్పట్నించీ మా ఇంట్లో నాది తప్ప తెలుగు మాట వినిపించదు. తెలుగు ప్రార్థన కూటానికి వెళ్ళాలంటే చాలా దూరం డ్రైవ్ చేయాలి, నా వీకెండ్లన్నీ డ్యూటీలే. నేనేం మాట్లాడినా లూసీ ఇంగ్లీషులోనే జవాబిస్తుంది. నా ఇంగ్లీషు హాస్పిటల్‌కి సరిపోతుంది. కూతురితో మనసు విప్పి మాట్లాడటానికి సరిపోదు.

దారి పైన్ చెట్లలోంచి మొదలై, పైకి పోయేకొద్దీ రాళ్ళలోకి మారింది. జిగురు వాసన, ఎండిన ఆకుల వాసన పోయి తడిరాతి వాసన మొదలైంది.

"మమ్మీ, మై లెగ్ హర్ట్స్. ఆర్ వి దేర్?" అంది లూసీ.

"ఇంకొంచెమే నాన్నా," అన్నాను. తను నాకేసి చూడలేదు.

మధ్యాహ్నం దాటాక మబ్బు కిందికి దిగడం మొదలుపెట్టింది. సుర్జీత్ ఆగి మాకు చెప్పింది. "మబ్బులో ఒకరికొకరం కనపడం. నేను సత్ నామ్ అని అరుస్తాను. మీరు వాహెగురు అనండి. ఎవరు ఎక్కడున్నారో తెలుస్తుంది."

మేం క్రైస్తవులం, నేను కాస్త తటపటాయించాను. "దేవుడి పేరేగా విమలా," అని నవ్వింది.

బల్బీర్ స్టవ్ మూట మోసుకుని ముందు వెళ్ళాడు. ఆయన వెనక సుర్జీత్. ఆ వెనక మేము. లూసీ షూ లేసు కట్టుకోవడానికి వంగింది. అప్పుడే తెల్లటి మబ్బు మా మధ్యలోకి వచ్చేసింది. నా కాళ్ళు నాకే కనపడలేదు.

"లూసీ, చెయ్యి ఇవ్వు," అని వెనక్కి చెయ్యి చాచాను.

చిన్న చెయ్యి వచ్చి నా చేతిలో పడింది. చల్లగా ఉంది. పట్టుకుని నడిచాను.

కొంతసేపటికి వెనక నుంచి గొంతు. "కాస్త మెల్లగా నడవవే అమ్మా. కాళ్ళు లాగుతున్నాయి."

నా గుండె ఝల్లుమంది... సంతోషంతో. లూసీ అమ్మా అంది! అచ్చం మా బాపట్ల పిల్లలా అంది.

"ఎక్కడ నేర్చుకున్నావే?"

"నువ్వు మాట్లాడుతుంటే వినడం లేదనుకున్నావా?"

నాకు ఏడుపొచ్చింది. ఇక ఆగలేదు. వాళ్ళ నాన్న పోయిన పొద్దున గురించి చెప్పాను. నైట్ డ్యూటీ నుంచి వచ్చి కార్లోనే కూర్చుండిపోయే రోజుల గురించి చెప్పాను. వెనక నుంచి "ఊ..." "ఊ..." అని వినపడుతూనే ఉంది. పైన ఎక్కడో సుర్జీత్ పిలిచినట్టుంది. నేను జవాబివ్వలేదు. మాట ఆపబుద్ధి కాలేదు.

"ఇటు రా అమ్మా. ఇటు గాలి లేదు."

ఆ చెయ్యి ఇప్పుడు నా ముందుంది. నన్ను లాగుతోంది. కాలి కింద రాళ్ళు పోయి మెత్తటి తడిగడ్డి తగిలింది. ఎక్కడో చాలా కింద నీళ్ళు రాతికి కొట్టుకుంటున్నాయి.

"సత్ నామ్!" పైన, దూరంగా సుర్జీత్.

"వాహెగురూ!"

అది లూసీ గొంతు. ముద్దుముద్దుగా, అమెరికన్ యాసలో. పైనుంచి వచ్చింది.

ఆగిపోయాను.

పైన చలేస్తుందని దారిలో లూసీకి ఉన్ని గ్లవ్స్ తొడిగింది నేనే. నా చేతిలో ఉన్న చేతికి గ్లవ్ లేదు. ఇంతసేపు పట్టుకున్నా అది వెచ్చబడలేదు.

"ఎవరు నువ్వు?" అన్నాను.

ఆ వేళ్ళు నా చేతి చుట్టూ బిగుసుకున్నాయి. గుసగుసగా అంది. "ఇంకాసేపు మాట్లాడమ్మా... ఎవరూ మాట్లాడరు ఇక్కడ."

అప్పుడే వదిలేయాల్సింది. వదల్లేదు. ఎంతసేపు అలా నిలబడ్డానో తెలీదు. ఇంకొక్క మాట విందామనిపించింది. అంతే.

మళ్ళీ లూసీ కేక. ఈసారి భయంగా. "మమ్మీ!"

చెయ్యి విదిలించుకుని గొంతు వచ్చిన వైపు పాకాను. రాళ్ళు పట్టుకుని, మోకాళ్ళు చీరుకుపోతూ. వెనక ఎవరూ రాలేదు. ఏ చప్పుడూ లేదు.

రాతిగదిలో స్టవ్ దగ్గర లూసీ సుర్జీత్ ఒళ్ళో కూర్చుని ఉంది. చేతులకి గ్లవ్స్ ఉన్నాయి. గట్టిగా కావలించుకున్నాను.

"ఒక్కదానివే ఎలా వచ్చావే?"

లూసీ నన్ను వింతగా చూసింది. "యు బ్రాట్ మీ, మమ్మీ. హోల్డింగ్ మై హ్యాండ్. యు టాక్డ్ ద హోల్ వే."

"ఏం మాట్లాడాను?"

"ఎవ్రీథింగ్. ఇన్ ఇంగ్లీష్. ఐ టోల్డ్ యు ఆల్ అబౌట్ స్కూల్. అబౌట్ డాడీ. యు ఈవెన్ లాఫ్డ్."

సుర్జీత్ నాకేసి చూసింది. "తను ఒక్కతే లోపలికొచ్చింది విమలా. అమ్మ బయట షూస్ విప్పుతోంది అంది. తలుపు తీసి చూశాను... ఎవరూ లేరు. అందుకే మళ్ళీ పిలవడం మొదలుపెట్టాం."

బల్బీర్ లేచి స్టవ్ మీద హల్వా కలిపాడు. ప్రార్థన అయ్యాక హల్వా చేతిలో పెట్టి, "దిగేటప్పుడు అందరం తాడు పట్టుకుని దిగుదాం," అన్నాడు, అంతే.

మేం దిగేసరికి మబ్బు పోయింది. సాయంత్రపు ఎండ చెట్ల మీద పచ్చగా ఉంది. సుర్జీత్ వాళ్ళు తమ కార్లో ముందు బయల్దేరారు. నా కార్లో వెనక సీట్లో లూసీ కూర్చుంది. కిటికీ పక్కన కాదు, మధ్యలోకి జరిగి కూర్చుంది.

కొండ దిగుతుండగా నిద్రపోయింది. అద్దంలో చూశాను.

దాని తల పక్కకి వాలి ఉంది. సీటు మీదికి కాదు. పక్కన ఖాళీలోకి, ఎవరో పెద్దవాళ్ళ భుజం ఉండే ఎత్తులో. అక్కడ ఏమీ లేదు.

మలుపు దగ్గర కారు బాగా ఊగింది. ఇంకో మలుపు. ఇంకోటి.

ఆ తల పడిపోలేదు.