నిషేధానికి ముందటి చుట్టలు

"ముసలాయన అమ్మకం కాగితం మీద సంతకం పెట్టేదాకా నోరు విప్పకు. పెట్టగానే బేడీలు వెయ్యి," అన్నాడు చీఫ్ ప్రూయిట్.

ఏజెంట్ నీడియా కోర్సో ఫైలు మూసింది. "ఎలాడియో బార్కిన్ నా జ్ఞానతండ్రి సార్."

"తెలుసు. చుట్టల సంగతి నీకు తెలుసని పంపుతున్నాను. క్యూబా చుట్టలు అమ్మడం నేరం. 1962 నిషేధానికి ముందే అమెరికాలో దిగినవైతే కాదు. యూరప్ ముఠా ఒకటి అలాంటివేనని చెప్పి ఆయన కొట్టుకి మూడొందల పెట్టెలు చేర్చింది. లోపల కొత్త సరుకని నా అనుమానం. ముఠాలో ఉన్న క్యూబా అమ్మాయి ఐవోన్ మన మనిషి. సరుకు కొత్తదైతే 'ఫ్యాను వేయండి' అంటుంది. అనలేదా, అన్నీ అసలైనవని రిపోర్టు రాసెయ్."

"ఆయనకి ఈ మోసం తెలియకపోతే?"

"అది జడ్జికి చెప్పుకుంటాడు."

మధ్యాహ్నం మూడింటికి తెల్లవిగ్గు, నల్లకళ్ళజోడు పెట్టుకుని, టెక్సాస్ ధనవంతురాలి వేషంలో నీడియా టాంపా నగరంలోని ఈబోర్ సిటీ పేటలో ఎలాడియో కొట్టులో అడుగుపెట్టింది. ఆయన వంకీ కత్తితో పొగాకు ఆకు కోస్తున్నాడు. తల ఎత్తలేదు.

"ఆ విగ్గు తియ్యవే. బాప్టిజం రోజున నీ బోడిగుండు పట్టుకున్నది నేనే. నా దగ్గరా నీ వేషాలు?"

బల్ల పక్కన ముఠా తరఫున వచ్చిన ఐవోన్ ఆకుపచ్చ పట్టుగౌనులో నవ్వింది. ఆ నవ్వుకి సగం టాంపా పడిపోతుంది. నీడియా పడలేదు.

"సరుకు చూస్తాను, పద్రీనో," అంది నీడియా, జ్ఞానతండ్రిని చిన్నప్పటి పిలుపుతోనే పిలుస్తూ.

"చూడు. నువ్వు గవర్నమెంటు ఉద్యోగంలో చేరిన రోజే నాకు చచ్చావు. దొంగని కాదని నీ కళ్ళముందే సంతకం పెట్టి అమ్ముతాను."

నీడియా లిప్‌స్టిక్‌లో దాచిన అతినీలలోహిత దీపం వెలిగించింది. పెట్టె చెక్క పాతది. ముద్ర పాతది. కాగితం పాతది. చుట్టల మీది పారదర్శక కాగితం కూడా అరవై ఏళ్ళకి తగ్గట్టు గోధుమరంగు తిరిగింది. ఐవోన్ ఫ్యాను మాట ఎత్తలేదు.

"తొందరగా కానివ్వండి," అంది ఐవోన్, పెన్ను ముసలాయన చేతిలో పెడుతూ.

అప్పుడు కనిపించాయి చీమలు. బల్లకాలు పట్టుకుని వరసగా పైకెక్కి, తిన్నగా పెట్టెలోకి దిగుతున్నాయి. పొగాకుని చీమ ముట్టుకోవడం నీడియా ఎప్పుడూ చూడలేదు. ఒక చుట్ట తీసి పైకాగితాన్ని నాలుకతో తాకింది.

తియ్యగా ఉంది.

పెన్ను కాగితానికి ఆనింది.

"పద్రీనో, ఆపు! ఇది నాకి చూడు!"

ఆయన తిట్టబోయి, నాకాడు. మొహం నల్లబడింది.

"కాఫీ!" అని ఉమ్మేశాడు. "పొగాకు నూనె లోపలినుంచి ఊరి కాగితాన్ని పండించాలి. ఈ వెధవలు పైనుంచి కాఫీ పూశారు. అదీ చక్కెర గిలకొట్టిన కాఫీ!"

"మన క్యూబా వాళ్ళ ఇళ్ళల్లో చక్కెర వెయ్యని కాఫీ ఎక్కడుంది?" అంది నీడియా. "కదూ ఐవోన్? రెండు వైపులా జీతం తీసుకున్నావు, ఒక్క చేదు కాఫీ కాచుకోలేకపోయావు."

ఐవోన్ చెయ్యి సంచిలోకి పోయింది. పిస్తోలు సగం పైకి వచ్చింది. ఎలాడియో కత్తి అంతకన్నా ముందు దిగి, పట్టుగౌను చేతిని బల్లకి దిగ్గొట్టింది. గుడ్డనే, ఒంటిని కాదు. నీడియా పిస్తోలు లాక్కుని బేడీలు వేసింది. సాయంత్రానికి మూడొందల పెట్టెలూ జప్తు అయ్యాయి. విమానాశ్రయంలో ముఠా నాయకుడూ దొరికాడు.

సంతకం లేని కాగితాన్ని ఎలాడియో నాలుగు ముక్కలు చేశాడు.

"నన్ను జైలుకి పంపడానికే వచ్చావు కదే?"

"అవును."

"సంతకం పెట్టేదాకా ఆగితే నీకు ప్రమోషన్."

"అవును."

ఆయన ఇంకో ఆకు తీసుకుని కొయ్యడం మొదలుపెట్టాడు. వెళ్ళిపొమ్మని మాత్రం అనలేదు.

మర్నాడు రిపోర్టులో 'నేరం కనిపెట్టడానికి వాడిన పరికరం' అన్న గడిలో నీడియా 'నాలుక' అని రాసింది. వారం తిరగకుండా హెడ్డాఫీసు నుంచి జవాబు వచ్చింది: సదరు పరికరం సీరియల్ నంబరు తెలుపుతూ, పని పూర్తయినందున దానిని వెంటనే స్టోర్స్‌లో అప్పగించవలెను.