ఒకే ఛానెల్, రెండు డిస్కులు

"పదకొండులోపు ఆ లిస్టు మన చేతికి రావాలె. వాళ్ల చేతికి పోయిందంటే నర్సింగం ఖతం!" ఫోన్‌లో చీఫ్ హెచ్చరించాడు.

ఏజెంట్ జయానందం హార్డ్‌డిస్క్ మెకానిక్ వేషంలో మెదక్ చర్చి రోడ్డులోని ఫోటో స్టూడియో మెట్లెక్కాడు. నర్సింగం అతని జోడీదారు. ఆర్నెల్లుగా విదేశీ ముఠా ఇంట్లో వంటవాడిగా కుదురుకున్నాడు. అతని అసలు పేరున్న ఏజెంట్ల లిస్టు ఈ స్టూడియో పాత కంప్యూటర్లో ఉంది.

"చర్చి గంట కొట్టిన్రా?" అన్నాడు లోపలికి వస్తూనే.

"గడియారం రిపేర్‌కు పోయింది," అంది స్టూడియో నడిపే అంబ్రీన్.

కోడ్ సరిపోయింది. కాటుక కళ్లు, పట్టు దుపట్టా, ఒళ్లో బరువైన హ్యాండ్‌బ్యాగ్. మన మనిషేనని చీఫ్ భరోసా. జయానందం మాత్రం కన్నతల్లి వండిన పప్పునైనా వాసన చూసి తినే రకం.

"చాయ్ తాగుండ్రి," ఆమె కప్పు ముందు పెట్టింది.

"ముందుగాల పని కానియ్యుండ్రి, మేడం."

తన డిస్కును, కంప్యూటర్లో డిస్కులకు వంతులు పంచే కంట్రోలర్‌కు తగిలించి కాపీ మొదలుపెట్టాడు. లిస్టంతా తాళం వేసిన ఒకే ఫైలు. చివరి ముక్క చేరితేనే తెరుచుకుంటుంది. ఈ డబ్బా మీద ఎనిమిది నిమిషాల పని. స్క్రీన్ పదహారు చూపించింది.

"గింత మెల్లగనా?"

"పురానా మెషీన్ కదా, పరేషాన్ కాకుండ్రి," అంటూ ఆమె తన ఫోన్ వంకే చూసింది.

డిస్కు లైటు వెలిగి ఆరుతోంది, సరిగ్గా సమానమైన విరామాలతో. పాతదైతే అడ్డదిడ్డంగా తడబడాలి గానీ, ఇలా వంతులు పాటిస్తుందా! డేటా పోయే దారి, ఛానెల్, ఒక్కటే; ఒక డిస్కు డేటా లాగుతుంటే ఇంకొకటి ఆగాలి, వీధి నల్లా కాడ బిందెల్లాగే. అంటే, ఇంకో బిందె ఎక్కడో ఉంది! ఫోటోల పరదా వెనక్కి పోయిన సన్నని వైరు అప్పుడు కనిపించింది. అంబ్రీన్ ముఠా కోసం ఇంకో కాపీ తీస్తోంది!

వైరు పీకితే ఆమెకు తెలిసిపోతుంది. ఆ బ్యాగులో బరువు లిప్‌స్టిక్‌ది కాదు. రిపేరు చేస్తున్నట్టే, కాపీ తొంభై అయిదు శాతం దగ్గర ఉండగా కంట్రోలర్ సెట్టింగ్స్ తెరిచాడు. తన డిస్కు వంతును ఒక్క సెకను నుంచి ముప్పై సెకన్లకు పెంచాడు. పది సెకన్లు దాటి ఎదురుచూసే డిస్కును కంట్రోలర్ చచ్చిందనుకుని వదిలేస్తుంది.

పదకొండుకు ఒక్క నిమిషం.

"యా అల్లా, తొంభై అయిదు కాడ ఆగిందేంది?" ఫోన్ చూస్తూ అంబ్రీన్ నోరు జారింది.

"నా స్క్రీన్ మీద వంద ఉన్నది మేడం. మీరు ఏ డిస్కు లెక్క చెప్తున్రు?"

ఆమె పిస్టల్ తీసింది. జయానందం స్క్రూడ్రైవర్ పిడి నొక్కాడు. మొన నుంచి మిరపపొడి ఆమె కళ్లలో కొట్టింది. పిస్టల్ కింద పడింది. రెండు నిమిషాల్లో చేతులు దుపట్టాతోనే కట్టేశాడు.

"నర్సింగం?" చీఫ్ ఫోన్.

"మంచిగున్నడు సార్. ముఠాకు పప్పు తాలింపు పెడుతుంటడు."

ఫోన్ పెట్టేసి, తాను ముట్టని, చల్లారిన చాయ్ కప్పును ఆమె ముందుకు జరిపాడు. అంబ్రీన్ గబుక్కున ముఖం తిప్పుకుంది.

"ఏం మేడం, చక్కెర తక్కువైందా?"