వెనకసీటు బరువు

ఇంజను చప్పుడు వింటే చాలు, దాని జబ్బేమిటో మెకానిక్ గౌస్ బాషాకు తెలిసిపోయేది. భార్య మస్తాన్‌బీ ఆయాసం మాత్రం అంతుబట్టలేదు. గుంటూరులో మిరప గోడౌన్ల వెనక వాళ్ల అద్దె గది. పగలూ రాత్రీ కోరు, గొంతులో పడితే ఊపిరాడనివ్వని మిరప ఘాటు. ఆమె ఊపిరి కోసం తన్నుకుంటుంటే ఇతని ప్రాణం పోయేది.

అందుకే దొరగారి పాత విలాయతీ కారు మీద అంత ఆశ. అయిదేళ్లుగా షెడ్డులో మూలుగుతున్న ఆ బండిని ఒంగోలు దాకా నడిపి చూపిస్తే డ్రైవరు ఉద్యోగం, ఊరిబయట తోటలో గది ఇస్తానన్నాడు దొర. తోటలో మంచి గాలి. మస్తాన్‌బీ బతుకుతుంది.

యాభై ఎనిమిది మార్చిలో ట్రయలుకు బయలుదేరాడు. మనుషుల బరువుకు బదులు వెనకసీట్లో పత్తిగింజల బస్తాలు వేశాడు. ప్రత్తిపాడు దాటాక, ఒక మిరప కళ్లం దగ్గర బండి ఆగిపోయింది. ప్లగ్గులు తుడిచాడు. మర్నాడూ అక్కడే ఆగింది. ఎండకు పెట్రోలు ఆవిరవుతోందని పంపుకు తడిగుడ్డ చుట్టాడు. ఆ మర్నాడు మిట్టమధ్యాహ్నం మళ్లీ అక్కడే. ఈసారి వెతికినా లోపం దొరకలేదు. ఇదే ఆఖరు ట్రయలని దొర ముందే చెప్పాడు.

కళ్లం కాపలా దానయ్య నీళ్లచెంబు తెచ్చి, బండి వంక చూశాడు.

"అయిదేళ్ల కిందట మా అమ్మాయి జయకుమారికి ఇక్కడే కోరు పట్టి ఊపిరాడలేదు సాయిబూ. పెద్దాస్పత్రికి తీసుకుపొమ్మని ఈ కారుకే చేతులెత్తి మొక్కా. 'సీటు మాసిపోద్ది, పోనీ' అని దొర అద్దం ఎత్తుకున్నాడు. పిల్ల ఇక్కడే పోయింది. ఆ రోజు ఆగమంటే ఆగలా. ఇప్పుడు ఆగమనకపోయినా ఆగుతోంది."

గౌస్ బాషాకు ఒళ్లు మండింది. దొర మీద కాదు, ఆ చచ్చిన పిల్ల మీద! తన పెళ్లాం బతుక్కి ఇదెక్కడి అడ్డు? విసురుగా బస్తాలు దించి వెనక తలుపు తీశాడు.

"ఎక్కమ్మా. పెద్దాస్పత్రికి తీసుకెళ్తా" అని గొణిగాడు.

గాలి లేదు. ఎండుమిరప ఘాటు గుప్పున కొట్టింది. ఖాళీ సీటు కింద స్ప్రింగులు కిర్రుమన్నాయి... బండి వెనక్కి కుంగింది.

సెల్ఫు నొక్కగానే ఇంజను అందుకుంది. అతను మాత్రం బండిని గుంటూరు పెద్దాస్పత్రికి తిప్పలేదు. చచ్చినవాళ్లకు తొందరేముందిలే అనుకుని ఒంగోలుకే పోనిచ్చాడు. దారంతా వెనక సన్నని దగ్గు. వినపడనట్టే నడిపాడు. తిరిగొస్తూ ఆస్పత్రి గేటు ముందునుంచే దొర బంగళాకు వెళ్లాడు. దొర సంబరపడి తోటగది తాళంచెవి చేతిలో పెట్టాడు.

మస్తాన్‌బీని తీసుకెళ్దామని అదే కారులో ఇంటికొచ్చాడు. ఆమె మంచం పట్టుకుని ఎగశ్వాస తీస్తోంది. అమాంతం ఎత్తి, వెనకసీట్లో కూర్చోబెట్టి ఆస్పత్రికి పరుగెత్తించాడు.

"ఏవండీ... ఈ పిల్లను కాస్త జరగమనండి."

అద్దంలోకి చూశాడు. అంత పెద్ద సీట్లో మస్తాన్‌బీ ఒక్కతే... తలుపుకు నొక్కుకుపోయి ఉంది.

"జరగనంటోంది..."

వెనక రెండు ఊపిర్లు పిల్లికూతలు పెడుతున్నాయి. ఆస్పత్రి గేటు వచ్చింది. బ్రేకు తొక్కాడు. పెడలు నేలకంటా దిగబడింది. గేటు వెనక్కి పోయింది.

ఒక ఊపిరి ఆగింది.

రెండోది మాత్రం ఇప్పుడు ఏ ఆయాసమూ లేకుండా, నింపాదిగా, హాయిగా వినబడుతోంది...