బాయిలర్ అర్రలో ఏడుపు

నారాయణఖేడ్ దాటినాక కంగ్టి రోడ్డు మీద ఒక నూనె మిల్లు ఉంది. దాని బాయిలర్ అర్ర పేరెత్తితే జనం మాట మార్చేస్తారు. గాలి లేచిన రాత్రి అందులోంచి ఏడుపు వస్తుందట. సన్నగా... ఆగి ఆగి. రెండేండ్ల కింద బాయిలర్ చూసుకునే అంబదాస్ ఆ అర్రలోనే పోయాడు. ఒంటి మీద చిన్న గాయం లేదు. దెయ్యం ఛాతీ మీద కూర్చుందన్నారు. అప్పటి నుంచి బాయిలర్ చల్లారిపోయే ఉంది.

అసొంటి అర్రలో కొత్త గ్యాస్ బర్నర్ బిగించడానికి వచ్చాడు వీరేశ్.

అంబదాస్ బిడ్డ కోమల అంటే వీరేశ్‌కు పానం. ఏడాదిగా నడుస్తున్న వాళ్ల ముచ్చట మూడో చెవికి తెలియదు.

"మా నాయినను మింగిన అర్ర అది. పోవద్దు" అంది కోమల ఫోన్‌లో.

"తెల్లారంగనే వస్త. మన పెండ్లి సంగతి మీ అమ్మతోని మాట్లాడుత."

ఆ రాత్రి పని పద్ధతిగానే చేశాడు. గోడ మీద ఎత్తున ఉన్న రెండు గాలి కిటికీలూ తెరిచి ఉన్నాయని చూసుకున్నాడు. పైపు అతుకులకు సబ్బునీళ్లు పూశాడు, ఒక్క బుడగ లేవలేదు. ఫ్యాన్ తిప్పి లోపలి గాలంతా వెళ్లగొట్టి, అప్పుడు ముట్టించాడు. మంట నీలంగా లేచింది... కోమల పండక్కి కట్టిన చీర లెక్క. దాన్నే చూస్తూ కూర్చున్నాడు.

బయట గాలి లేచింది.

ఏడుపు... సన్నగా... ఆగి ఆగి—

వీరేశ్ వెన్ను జలదరించింది. అంతలోనే ఎవరో నోరు నొక్కినట్టు ఏడుపు ఆగిపోయింది.

కొంతసేపటికి తల బరువెక్కింది. ఛాతీ మీద ఎవరో కూర్చున్నట్టు... మంట పసుపెక్కింది. లేవబోతే కాళ్లు లేవలేదు. నేల మీదికి జారాడు. నిద్ర... మెత్తటి నిద్ర—

చెవి పక్కన గుసగుస.

"అల్లుడా... గాలాడ్తలేదు. లెవ్వు."

పాకాడు. ఎట్లనో గ్యాస్ కట్టేశాడు. భుజంతో తలుపు నెట్టి బయట పడ్డాడు.

గేటు దగ్గర నుంచి వాచ్‌మన్ ఎల్లప్ప ఉరికొచ్చాడు. వీరేశ్ పైకి చూశాడు. రెండు కిటికీల నిండా గోనెసంచులు.

"గా సంచులు ఎవరు కుక్కిన్రు కాకా?"

"నేనే బిడ్డా. గాలొస్తే గా కిటికీలే ఏడుస్తయ్. నువ్వు భయపడ్తవని... నిచ్చెనేసి కుక్కిన."

"గాలి చాలకుంటే మంట విషం కక్కుతది కాకా. వాసన రాదు, కండ్లకు కనపడదు. మనిషి కూసున్న కాడనే పోతడు."

ఎల్లప్ప అక్కడే కూలబడ్డాడు.

"అంబదాస్ పోయిన రాత్రి గుడ... కుక్కింది నేనే."

వీరేశ్ ఆయన భుజం పట్టుకున్నాడు. "నన్ను లేపింది గుడ నువ్వే కద. అల్లుడా అని పిలిస్తివి."

"నేను గేటు కాడున్న బిడ్డా. అయినా నాకు బిడ్డలే లేరు... నిన్ను అల్లుడా అని ఎందుకంట?"

వీరేశ్ కోమలకు ఫోన్ కలిపాడు. జరిగిందంతా చెప్పాడు. ఆ పిలుపు కూడా.

అవతల కోమల గొంతు తగ్గించింది.

"వీరేశ్... మన సంగతి ఇంకా ఎవ్వరికీ చెప్పలే కద."

వీరేశ్ మెల్లగా అర్ర వైపు తిరిగాడు. తలుపు తెరిచే ఉంది. లోపల చీకటి.