కళ్ళ మేస్త్రి ఇంట్లో పదకొండు గంటల సీరియల్

తడి తువ్వాలు మళ్ళీ మంచం మీదే ఉంది. కోడలు దాన్ని తీసుకెళ్ళి బాల్కనీ తీగ మీద ఆరేసి వచ్చేసరికి భర్త ఒంటి చెప్పుతో ఇల్లంతా తిరుగుతున్నాడు.

"రెండోది ఏది? ఎవరు తీశారు?"

"ఎవరు తీస్తారు? నువ్వే ఎక్కడో విసిరి ఉంటావు. సోఫా కింద చూడు."

"నేను విసరను. నాకో పద్ధతుంది."

"ఉంది, ఉంది. నీ పద్ధతిని ఇప్పుడే తీగ మీద ఆరేసి వచ్చాను."

వంటింటి గుమ్మంలో నిలబడ్డ అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. చెప్పు సోఫా కిందే దొరికింది. భర్త ఎవరి ముఖమూ చూడకుండా తొడుక్కుని పనికి వెళ్ళిపోయాడు.

మామగారు హాల్లో తన పేము కుర్చీలో టీవీకి ఎదురుగా కూర్చుని ఉన్నాడు. పక్కనున్న స్టూలు మీద ఆనాటి పేపరు మడత విప్పకుండా పడి ఉంది. ఒకప్పుడు ఆయన చదవకముందు ఆ పేపరు ఇంకొకరు ముట్టుకుంటే ఇల్లు ఎగిరిపోయేది. ముఖ్యంగా సినిమా పేజీ. ఈ మధ్య అడిగితే, "ఏముందమ్మా అందులో! హీరోలందరికీ ఒకటే కోపం. ఎవరి మీదో వాళ్ళకే తెలియదు" అని పక్కకు నెట్టేస్తున్నాడు.

ఆ మాట అనే హక్కు ఆయనకుంది. సినిమా హాళ్ళ ముందు నిలబెట్టే పెద్ద పెద్ద బ్యానర్లు గీసిన చెయ్యి అది. బట్టలూ మంటలూ గుర్రాలూ మిగతా పనివాళ్ళు వేసేవారు. కళ్ళు మాత్రం ఎవరూ ముట్టుకునేవారు కాదు. అన్నీ అయ్యాక, ఆఖర్న, ఆయనొక్కడే పరంజా ఎక్కి కళ్ళు పెట్టి దిగేవాడు. అప్పటిదాకా గోడలా ఉన్న ముఖం ఆ క్షణం నుంచీ వీధిలో పోయేవాళ్ళను చూడటం మొదలుపెట్టేది. అందుకే ఆయన్ని అందరూ కళ్ళ మేస్త్రి అనేవారు. అచ్చు బ్యానర్లు వచ్చి పని పోయినా ఆ పేరు మాత్రం పోలేదు. ఇప్పటికీ మందుల షాపు వాడు కూడా "మేస్త్రిగారూ" అనే పిలుస్తాడు.

ఇంతకీ కోడలి బాధ పేపరు గురించి కాదు, పదకొండు గంటల సీరియల్ గురించి.

ఆమె పడకగదిలో ఒక మూల బల్ల వేసుకుని కొరియర్ కంపెనీకి పని చేస్తుంది. పార్సిల్ రాలేదని, వచ్చినా పగిలిపోయిందని, పక్కింటికి ఇచ్చారని జనం ఫోన్ చేస్తే, వాళ్ళు తిట్టేవన్నీ ఓపిగ్గా విని సర్దిచెప్పడం ఆమె ఉద్యోగం. తిట్లకు అలవాటు పడింది. అత్తగారి గొంతుకే అలవాటు పడలేకపోయింది.

టీవీ చప్పుడైనా కొంత నయం. అత్తగారు సీరియల్ చూడదు, చెబుతుంది. అందులో అందరికీ ఆవిడ పెట్టిన పేర్లున్నాయి. నిద్రలో కూడా నగలు తీయని అత్త నగలావిడ. ఎప్పుడూ కన్నీళ్ళతో ఉండే చిన్న కోడలు ఏడుపుపిల్ల.

"అదిగో, నగలావిడ మెట్లు దిగుతోంది. ఏడుపుపిల్ల ఇటు తిరిగి ఉంది, చూడలేదు. అయ్యో, తలుపు వెనకాల ఎవడో! చేతిలో కత్తండీ, కత్తి!"

ఆ రోజు సరిగ్గా అప్పుడే ఒక పెద్దాయన తన మిక్సీ మూత రాలేదని ఫోన్లో మాట్లాడుతున్నాడు. ఉన్నట్టుండి ఆగిపోయాడు.

"ఏమ్మా, మీ ఇంట్లో కత్తి అంటున్నారు?"

"ఏం లేదండీ, టీవీ. మీ మిక్సీ మూత..."

"మూత సంగతి తర్వాత. ఎవరో ఏడుస్తున్నారు కూడా! నువ్వు భయపడకు తల్లీ. అడ్రసు చెప్పు, నేను పోలీసులకు చెబుతా."

సాయంత్రానికి సూపర్‌వైజర్ నుంచి ఫోను వచ్చింది. రికార్డు విన్నాడట. ఇంకోసారి ఇలా జరిగితే ఇంటి నుంచి పని కుదరదు, రోజూ ఆఫీసుకు రావలసిందే అన్నాడు. ఆ ఆఫీసుకు రెండు బస్సులు మారాలి. పొద్దున్నే వెళితే మళ్ళీ చీకటి పడ్డాకే ఇల్లు.

కోడలు హాల్లోకి వచ్చేసరికి అత్తగారు చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. మామగారు పక్కనే ఉన్నాడు.

"అత్తయ్యా, నా ఉద్యోగం ఊడేలా ఉంది."

జరిగింది చెప్పింది. చెబుతుంటేనే గొంతు పెరిగింది.

"అయ్యో, టీవీ తగ్గిస్తానులే తల్లీ."

"టీవీ కాదత్తయ్యా, మీ నోరు! మామయ్యగారు మీ పక్కనే కూర్చుని అదే టీవీ చూస్తున్నారుగా? అదేదో ఆయన చూసుకోలేనట్టు ప్రతి ముక్కా చెప్పడం దేనికి? ఆయనకు మాత్రం విసుగు రాదా?"

అత్తగారి చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది. ఒకసారి భర్త వైపు చూసింది.

"అలవాటైపోయిందమ్మా" అంది మెల్లగా.

మామగారు లేచాడు. "కోడలు చెప్పింది నిజమే. నీ గోల నేను పడుతున్నది చాలక దానిక్కూడానా?" అని నవ్వబోయి, గోడ పట్టుకుని లోపలికి వెళ్ళిపోయాడు. దారిలో స్టూలు తగిలి గాజు గ్లాసు కింద పడింది. ఈ నెలలో ఎన్నో గ్లాసో. కోడలు పళ్ళు బిగబట్టి చీపురు తెచ్చింది.

మర్నాడు భర్త ఒక అట్టపెట్టె తెచ్చి తల్లి ఒళ్ళో పెట్టాడు. లోపల వైర్లు లేని హెడ్‌ఫోన్స్.

"నీ కోడలికి ఉన్నట్టే నీకూ అమ్మా. టీవీ నీ చెవిలోనే మోగుతుంది. మాకు గోల ఉండదు. ఎంత పెద్దగా కావాలంటే అంత పెట్టుకో!"

"ఎందుకురా ఇవన్నీ" అంది అత్తగారు. సంతోషించినట్టు మాత్రం కనబడలేదు.

ఇల్లు నిశ్శబ్దమైపోయింది. మొదటిరోజు మామగారు మూగ టీవీ ముందు కుర్చీలో కాసేపు కూర్చున్నాడు. భార్య రెండుసార్లు ఏదో చెప్పబోయి, పడకగది వైపు చూసి నోరు మూసుకుంది. రెండోరోజు ఆయన సగంలోనే లేచిపోయాడు. ఆ తర్వాత నుంచీ పదకొండయ్యేసరికి తన గదిలో గోడవైపు తిరిగి పడుకోవడం మొదలుపెట్టాడు. కోడలికి పని హాయిగా సాగుతోంది. సూపర్‌వైజర్ మెచ్చుకున్నాడు కూడా. అయినా ఏదో వెలితి. ఏడుపుపిల్లను ఇంట్లోంచి గెంటారో లేదో తెలుసుకోవాలని తనకే అనిపించి ఒకసారి నవ్వుకుంది.

ఆ వారంలోనే ఒకరోజు ఫోన్ల మధ్య మంచినీళ్ళ కోసం లేచింది. హాల్లో టీవీ తెర మీద ఏదో పళ్ళపొడి ప్రకటన వస్తోంది. హెడ్‌ఫోన్స్ సోఫా మీద ఉన్నాయి, అత్తగారు లేదు. మామగారి గదిలోంచి గుసగుస వినిపించింది.

"...అప్పుడు ఆ పిల్ల గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగిందండీ. నగలావిడ ఒక్క మాటా అనలేదు."

"అనకుండా ముఖం ఎలా పెట్టింది?"

"కోపంగా."

"కోపం నాకూ తెలుసే. కోపంలో ఎలా పెట్టింది? కనుబొమ్మ లేచిందా, ముడిపడిందా?"

"లేచింది. ఒకటే లేచింది."

"ఆ. ముడిపడలేదంటే లోపల పశ్చాత్తాపం ఉందన్నమాట. పోనీలే." మామగారు ఊపిరి వదిలాడు. "యాడ్ అయిపోయుంటుంది. నువ్వు వెళ్ళు, మళ్ళీ తప్పిపోతుంది."

కోడలు గోడకు ఆనుకుని ఉండిపోయింది. మడత విప్పని పేపరు. పగిలిన గ్లాసులు. బల్ల కాస్త జరిపితే "ఎవరు జరిపారు?" అని కసురుకోవడం. ఫ్రిజ్ తలుపులో, వెన్న పక్కన దాచినట్టుండే కంటి చుక్కల మందు. అడిగితే అత్తగారు "నాకేలే" అంది. కానీ ఆవిడ వేసుకోవడం తనెప్పుడూ చూడలేదు. విసుక్కున్న ప్రతి విషయమూ ఒక్కొక్కటిగా వచ్చి ఎదురుగా నిలబడింది.

వంటింట్లో దొరకబుచ్చుకుని అడిగితే అత్తగారు మొదట బుకాయించింది. తర్వాత గట్టు మీద చెయ్యి పెట్టుకుని నిలబడిపోయింది.

"లోపలి నరం ఎండిపోతోందట తల్లీ. చుక్కలు వేస్తే ఉన్నది కాస్త నిలుస్తుందట. పోయింది మాత్రం రాదట. మనిషి ఆకారం తెలుస్తుంది. ముఖం తెలియదు."

"మాకెందుకు చెప్పలేదత్తయ్యా?"

"నా చేత ఒట్టేయించుకున్నారు. 'కళ్ళ మేస్త్రికి కళ్ళు పోయాయట అని ఊరంతా చెప్పుకుంటే నేను బతకలేనే' అన్నారు. టీవీ ముందు కూర్చోవడం మానేస్తే మీకు అనుమానం వస్తుందని కూర్చునేవారు. నేను చెబుతుంటే నెమ్మదిగా ఇష్టం పుట్టింది. మనిషి రోజు మొత్తంలో నవ్వేది ఆ అరగంటే." ఆవిడ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "మీ ఆయనకు చెప్పకమ్మా. నీకు దండం పెడతాను."

కోడలు ఆ చేతులు పట్టుకుని ఆపింది. చెప్పనంది. అయితే ఆ మాట మర్నాటి సెలవు ఉదయం దాకానే నిలిచింది.

ఆ ఉదయం భర్త హెడ్‌ఫోన్స్ చార్జింగ్ పెట్టి, వాటిని నడవలో నేల మీద వదిలేశాడు. స్నానానికి వెళుతున్న మామగారి కాలు తిన్నగా వాటి మీద పడింది. ఫట్‌మన్న చప్పుడుకు అందరూ వచ్చారు.

"కొత్తవి నాన్నా! పెట్టెలోంచి తీసి వారం కాలేదు. అంత పెద్దవి, ఎర్రగా ఉన్నాయి, కనబడలేదా?"

"ఊరుకో" అంది కోడలు.

"ఎందుకు ఊరుకోవాలి? గ్లాసులు పగలగొడితే ఊరుకున్నాం. చూసి నడవమంటే తప్పా? ఏం నాన్నా, నిజంగా కనబడలేదా?"

మామగారు కాలు కింద విరిగిన ముక్కల వైపు తల దించాడు. ఆ చూపు వాటి మీద పడలేదు, కాస్త పక్కన పడింది.

"కనబడలేదురా" అన్నాడు.

అన్న తీరుకు కొడుకు తల్లి వైపు చూశాడు. ఆవిడ గోడవైపు తిరిగి ఏడుస్తోంది. భార్య వైపు చూశాడు. ఆమె తల ఊపింది.

"ఎప్పట్నుంచి నాన్నా?"

"నీ ముఖం చూసి చాన్నాళ్ళయింది." పెద్దాయన గోడ తడుముకుని పట్టుకున్నాడు. "గడ్డం పెంచావట. మీ అమ్మ చెప్పింది. బాగాలేదట."

కొడుకు నవ్వబోయాడు, కుదరలేదు. ముక్కలు గుచ్చుకుంటాయన్న ధ్యాస లేకుండా నేల మీద కూలబడి, తండ్రి పాదాన్ని ఒళ్ళోకి తీసుకుని, ఎక్కడైనా కోసుకుందేమోనని వేళ్ళతో తడుముతూ ఉండిపోయాడు. ఆ తర్వాత తండ్రి చెయ్యి పట్టుకుని తన గడ్డం మీద పెట్టుకున్నాడు. మేస్త్రి వేళ్ళు దవడ మీదుగా కణత దాకా నిదానంగా వెళ్ళాయి.

"తీసెయ్యరా. నిజంగానే బాగాలేదు" అన్నాడు.

అదే వారం భర్త తండ్రిని మరో పెద్ద డాక్టరుకు చూపించాడు. పోయిన చూపు రాదనే ఆయనా చెప్పాడు, చుక్కల మందు మాత్రం మార్చాడు. ఇంట్లో కుర్చీలు, స్టూళ్ళు ఎవరూ జరపకూడదని నిర్ణయమైంది. తడి తువ్వాలు మాత్రం మంచం మీదకు వస్తూనే ఉంది. కోడలు సూపర్‌వైజర్‌ను బతిమాలి తన విరామం పదకొండు గంటలకు మార్పించుకుంది. విరామం కాగానే టీవీ కట్టెయ్యాలన్న షరతుకు అత్తగారు సంతోషంగా ఒప్పుకుంది.

ఒకరోజు అత్తగారికి జలుబు చేసి గొంతు పోయింది. కోడలే పేము కుర్చీ పక్కన చతికిలబడింది.

"నగలావిడ తలుపు తీసిందండీ. ఏడుపుపిల్ల బయట నిలబడి ఉంది. బాధగా చూస్తోంది."

"బాధగా అంటే నాకేం కనబడుతుందమ్మా? మనం ముఖం వేసినట్టు చెప్పు. ముందు కనుబొమ్మలు. తర్వాత ముక్కుపుటాలు, పెదవి. కళ్ళు ఆఖర్న."

"కనుబొమ్మలు మధ్యలో పైకి లేచాయి. ముక్కుపుటాలు అదురుతున్నాయి. కింది పెదవి పంటి కింద పెట్టుకుంది..."

"ఇప్పుడు కళ్ళు."

"నిండిపోయాయి. కానీ జారలేదు. నగలావిడ పిలుస్తుందేమోనని చూస్తోంది."

"ఆ!" అన్నాడు మామగారు. ఎదురుగా గోడంత బ్యానరు లేచినట్టు తల వెనక్కి వాల్చి చూశాడు. "కనబడిందమ్మా. ఇప్పుడు కనబడింది."

కోడలు తల పక్కకు తిప్పుకుంది. ఆయన చెవి ఒగ్గాడు.

"ఏడుస్తున్నారెవరో. ఏడుపుపిల్లేనా?"

"కాదు మామయ్యగారూ." ముక్కు ఎగబీల్చింది. "టీవీలో సబ్బు యాడ్ వస్తోంది."

"మరి ఈ పిల్లెవరు? కొత్తగా వచ్చినట్టుందే!" పెద్దాయన పెదవుల మీద చాలా రోజులకు పాత కొంటెతనం మెరిసింది. "ముఖం ఎలా పెట్టిందో కాస్త చెప్పు. తొందరపడకు. ముందు కనుబొమ్మలు."

కోడలు కన్నీళ్ళ మధ్యే నవ్వుతూ తన కనుబొమ్మల మీద వేలు పెట్టుకుని చెప్పడం మొదలుపెట్టింది.