గాలి రేషన్

తైనారా మా ఊళ్ళో బస్సు దిగగానే నేను అన్న మొదటి మాట ఇది: "గాలి కాస్త తక్కువ పీల్చండి మేడమ్, మీ కోటా ఇంకా రాలేదు."

ఆ అమ్మాయి ఎర్ర సూట్‌కేసు పట్టుకుని, నోరు తెరిచి, ఒడ్డున పడ్డ చేపలా రొప్పుతోంది. తన తప్పేం లేదు. మా చిల్కాపంపా ఎంత ఎత్తున ఉంటుందంటే, దేవుడికి జలుబు చేస్తే తుమ్ము మా పెంకుల మీదే పడుతుంది. ఆమెదేమో బ్రెజిల్లో పోర్టో వెల్యో. అక్కడ చలి అంటే ఫ్రిజ్ తలుపు తీసినప్పుడు వచ్చేది.

"కోటానా?" అంది.

"అవును. ఇంత ఎత్తులో గాలి రేషన్. కొత్తవాళ్ళకి నిమిషానికి ఎనిమిది శ్వాసలు. అంతకు మించితే ఊరివాళ్ళ వాటా తిన్నట్టే. ఆసుపత్రిలో చెప్పి పెంచించుకోండి."

నా మొహంలో నవ్వు లేదు. ఆ విద్య నాకు పుట్టుకతో వచ్చింది. పుట్టగానే నేను ఏడవలేదట. మంత్రసాని కంగారు కాసేపు చూసి, తృప్తిగా అనిపించాక ఏడ్చానట.

పావుగంట తరవాత ఆసుపత్రిలో మా పెద్ద డాక్టరు నీల్డా గారు కొత్తమ్మాయిని చూసి హడలిపోయారు. తైనారా గడియారం చూసుకుంటూ నీలంగా మారుతోంది.

"ఏమ్మా, ఊపిరి బిగబట్టావేం?"

"కోటా అయిపోయింది డాక్టర్."

నీల్డా గారు తల తిప్పకుండానే "లింబర్!" అని అరిచారు. అది నా పేరు. మా ఆసుపత్రిలో ఏం పాడైనా ముందు అదే అరుస్తారు, కరెంటు పోయినా సరే.

నాకు శిక్ష పడింది: కాన్పుల గది పొయ్యి మూడు నెలలూ నేనే రాజెయ్యాలి. హౌస్ సర్జన్‌ని, మెడలో స్టెతస్కోప్, చేతిలో ఊదుగొట్టం. తైనారా నా దగ్గరికి వచ్చి, గుండెల నిండా గాలి పీల్చి మరీ చెప్పింది.

"ఇక నువ్వు చెప్పేది ఒక్క ముక్క కూడా నమ్మను."

"మంచి నిర్ణయం. మా అమ్మ కూడా అదే అంటుంది."

తైనారా మా దేశంలోనే, కొచబాంబా నగరంలో మెడిసిన్ చదువుతోంది. ఆఖరి ఏడాది మూడు నెలలు ఏదో ఒక పల్లెలో పనిచేసి, అక్కడి డాక్టరు చేత సంతకం పెట్టించుకోవాలి. వేరే చోట్ల ఆ సంతకం సులువే. నీల్డా గారి దగ్గర మాత్రం పద్ధతి వేరు.

"ఈ ఊళ్ళో ఒక్క కాన్పయినా నీ చేతుల మీద జరగాలి. ఆ ఇంటివాళ్ళు నా దగ్గరికి వచ్చి, ఈ పిల్ల డాక్టరే అనాలి. అప్పుడు పెడతాను. అనకపోతే ఏడాదంతా మళ్ళీ మొదటి నుంచి," అన్నారు.

మా ఊరి ఆడవాళ్ళు కొత్తవాళ్ళని అంత తేలిగ్గా దగ్గరికి రానివ్వరు. తైనారా ఎదురొస్తే నవ్వుతారు, ఉడికించిన బంగాళాదుంపలు చేతిలో పెడతారు, నొప్పులొస్తే మాత్రం నీల్డా గారి కోసం కబురు పంపుతారు. మూడో నెల కూడా ముగింపుకొచ్చింది. దుంపలు బోలెడు వచ్చాయి. కాన్పు ఒక్కటీ రాలేదు.

"నేను వెళ్ళిపోతాను లింబర్," అంది ఒక మధ్యాహ్నం, పొయ్యి దగ్గర చేతులు కాచుకుంటూ. "వారంలో గడువైపోతుంది. మళ్ళీ మొదటి నుంచి చదవడం మా ఇంట్లో కుదరదు. నర్సు ఉద్యోగం ఏదైనా చూసుకుంటా."

"వెళ్ళకు."

"ఏం?"

"నువ్వు వెళ్ళిపోతే నాకు బాగుండదు. నువ్వంటే నాకు ఇష్టం."

నా జీవితంలో నవ్వు ఆపుకోకుండా చెప్పిన మొదటి మాట అది. ఆపుకోడానికి అసలు నవ్వే రాలేదు.

తైనారా నన్ను ఎగాదిగా చూసింది. "ఇష్టం కూడా రేషనేనా? నిమిషానికి ఎన్ని?" అని లేచి వెళ్ళిపోయింది. పొయ్యి కూడా నన్ను చూసి పొగ మొహం పెట్టింది.

గడువు ఇంకా రెండు రోజులుందనగా, వడగళ్ళు టపటపలాడే వేళ, ఎలోయ్ తన భార్య సబీనాని మోటార్ సైకిలు మీద తీసుకొచ్చాడు. వెనక అతని తల్లి గ్రెగోరియా అవ్వ నడిచొచ్చింది, మోటార్ సైకిలు కన్నా ముందే చేరింది. నీల్డా గారు విరిగిన చెయ్యికి కట్టు కడుతున్నారు.

"ఆ వేడి దేశపు డాక్టరమ్మ కావాలి," అంది సబీనా పళ్ళ బిగువున.

తైనారా వెనక్కి తిరిగి చూసింది, తన వెనక ఇంకెవరైనా వేడి దేశం నుంచి వచ్చారేమోనని.

నేను బయట పొయ్యి దగ్గర, వాళ్ళు లోపల. తలుపు సందులోంచి అన్నీ వినిపిస్తున్నాయి. సబీనా దూలానికి కట్టిన తాడు పట్టుకుని గొంతుక్కూర్చుంది, ఎలోయ్ వెనక నుంచి పట్టుకున్నాడు, తైనారా నేల మీద మోకాళ్ళ మీద. "ఇంకొక్కసారి సబీనా, తల కనిపిస్తోంది, బోలెడు జుట్టు," అంటోంది. ఆ గొంతులో వణుకు లేదు. ఆమెకి చలి లేకపోవడం నేను చూసింది అదే మొదలు.

అప్పుడు ఒక ఏడుపు. ఆడపిల్ల. మా ఊళ్ళో గాలి తక్కువన్న మాట ఆ పిల్లకి ఎవరూ చెప్పినట్టు లేదు.

నాకు అప్పుడు గుర్తొచ్చింది. తలుపు దగ్గరికి వెళ్ళి, "తైనా! బిడ్డ వెంట వచ్చే మావి పారెయ్యకు. ఆ ఇంటివాళ్ళకి ఇవ్వాలి. వాళ్ళు కడిగి, పూలు పెట్టి, ఇంటి దగ్గర పాతుకుంటారు," అన్నాను.

లోపలి నుంచి అలసిపోయిన నవ్వు. "అలాగే. పాతితే ఎన్నాళ్ళకి కాయలు కాస్తుంది?"

"నిజంగా చెప్తున్నా!"

"నువ్వెప్పుడు అబద్ధంగా చెప్పావని?"

సరిగ్గా అప్పుడే కట్టు వేసేచోట ఏదో పట్టుకోమని నీల్డా గారు నన్ను పిలిచారు. నేను తిరిగొచ్చేసరికి, గ్రెగోరియా అవ్వ కొత్త మట్టికుండ, దోసెడు పూలు పట్టుకుని తైనారా ముందు నిలబడి ఉంది.

"మావి ఏది డాక్టరమ్మా? వాన తగ్గగానే పాతేస్తాం."

తైనారా నా వైపు చూసింది. ఆ మొహం చూస్తే నాకు జన్మలో మళ్ళీ అబద్ధం చెప్పాలనిపించలేదు. కనీసం సాయంత్రం దాకా.

"అది... నిజమా?" అంది చిన్నగా.

"నిజమే."

"ఎర్ర సంచిలో వేసి, పేరు రాసి, సీలు వేశాను. పుస్తకంలో అలాగే ఉంటుంది. ఇందాకే చెత్త వ్యాన్ వచ్చి తీసుకుపోయింది."

అవ్వ అరవలేదు. అరిచినా బాగుండేది. కుండని ఒళ్ళోకి తీసుకుని బెంచీ మీద కూర్చుంది. "మావి మట్టిలో పడకపోతే తల్లికి ఒళ్ళు కుదురుకోదు. పిల్లకి ఏ ఇల్లూ తన ఇల్లనిపించదు," అంది గోడతో చెప్పినట్టు.

ఎలోయ్ మోటార్ సైకిలు తాళం చెవి నా చేతిలో ఎప్పుడు పెట్టాడో నాకు గుర్తులేదు. బండి ఎక్కాను. వెనక తైనారా.

ఆ రోడ్డు గురించి చెప్పకూడదు, దానికి కోపం వస్తుంది. వాన, బురద, దారికి అడ్డంగా లామాల మంద. ఒకటి మమ్మల్ని చూసి ఉమ్మింది, నాకు తగిలింది. తైనారా నవ్వలేదు. నా చొక్కాని గుప్పిట్లో బిగించి పట్టుకుని, "వేగంగా, వేగంగా," అంటోంది. ఎలోయ్ బండి అప్పటికే ఒక ముసలాయన సైకిలుని దాటేసింది. అంతకన్నా ఏం చెయ్యగలను?

మలుపులో దేవుడు కరుణించాడు. చెత్త వ్యాన్ ఆగి ఉంది. డ్రైవరు సెవెరో గారు రోడ్డు పక్క బల్ల మీద కూర్చుని వేరుశనగ సూప్ తాగుతున్నారు.

"ఒక సంచి వెనక్కి కావాలి సెవెరో గారూ," అన్నాను రొప్పుతూ.

"సీలు వేసింది తియ్యకూడదు బాబూ."

"అందులో నీల్డా గారి పెళ్ళి ఉంగరం పడిపోయింది!"

ఆయన చెంచా ఆపారు. "నీల్డా గారికి పెళ్ళెప్పుడైంది?"

నేను రెండో అబద్ధం వెతుక్కునే లోపు తైనారా ముందుకొచ్చింది. జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి.

"అందులో ఒక పాప మావి ఉంది సార్. నాకు తెలియక పారేశాను. వాళ్ళ నానమ్మ కుండ పట్టుకుని కూర్చుంది."

సెవెరో గారు టోపీ తీశారు. "ముందే చెప్పొచ్చు కదమ్మా. నాది మా అమ్మ గుమ్మం పక్కన పాతింది. అందుకే ఎన్ని ఊళ్ళు తిరిగినా రాత్రికి అక్కడికే పోతాను." వ్యాన్ వెనక్కి నడుస్తూ, "సీలు దానంతట అదే ఊడిందని చెప్తాలే. ఈ రోడ్డు మీద నా పళ్ళే ఊడాయి," అన్నారు.

సబీనా పేరున్న సంచి దొరికింది. తైనారా దాన్ని రెండు చేతులా గుండెకి ఆనించుకుని, బండి మీద కూర్చుని, తిరుగు దారంతా ఏడ్చింది. అది ఊరట ఏడుపు. నాకు తేడా తెలుసు, నేనూ అదే పనిలో ఉన్నాను. వాన కదా, కనబడలేదు.

ఎండ వచ్చేసరికి అవ్వ ఇంటి వాకిట్లో గొయ్యి తవ్వారు. కడిగిన మావిని పూలతో కుండలో పెట్టి పాతారు. తైనారా కూడా పిడికెడు మట్టి వేసింది. నీల్డా గారు చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"డాక్టర్, లింబర్ నాకు ముందే చెప్పాడు," అంది తైనారా. "నేనే నమ్మలేదు."

"వీడు చెప్తే నేనూ నమ్మను," అన్నారు నీల్డా గారు. "ఊరి పద్ధతి నేను చెప్పి ఉండాల్సింది. సరే గ్రెగోరియా, చెప్పు. ఈ పిల్ల డాక్టరేనా?"

అవ్వ తొందరపడలేదు. "ఏదీ, చేతులివ్వమ్మా," అంది. తైనారా చేతులు తన చేతుల్లోకి తీసుకుని నొక్కి చూసింది.

"వెచ్చగానే ఉన్నాయి. నిజమే చెప్పాడు."

"ఎవరు?"

"ఎవరేంటి, వీడే. నెల రోజులుగా మా గుమ్మం అరగదీశాడు. వచ్చినప్పుడల్లా ఒకటే పాట. 'వేడి దేశపు పిల్ల అవ్వా, చేతులు వెచ్చన, నీ కోడలికి చలి తగలనివ్వదు' అని. వీడి మాటేంటని తోసేశాను. సబీనాయే అంది, 'అబద్ధం చెప్పేవాడు ఇన్నిసార్లు కొండెక్కి రాడత్తా' అని."

అందరూ నా వైపు తిరిగారు. నాకు అర్జెంటుగా ఒక కోడిని పరీక్ష చెయ్యాలనిపించింది.

"డాక్టరేనమ్మా," అంది అవ్వ నీల్డా గారితో. "ఏడాది తిరిగాక మా పిల్లకి మొదటిసారి జుట్టు తీస్తాం. మొదటి కత్తెర ఈమే వెయ్యాలి. ఈమె వచ్చేదాకా ఎవరమూ జుట్టు ముట్టుకోం."

తైనారా నా దగ్గరికి వచ్చింది. "ఇది నిజమేనా?"

"నిజం. నువ్వు రాకపోతే జుట్టు పెరిగి, కొండ దిగి, పోర్టో వెల్యోలో మీ తలుపు కొడుతుంది."

"జుట్టు తియ్యడం నిజం. తలుపు కొట్టడం అబద్ధం."

"ఎలా తెలిసింది?"

"నిజం చెప్పినప్పుడు నీ చెవులు ఎర్రబడతాయి. ఇప్పుడే కనిపెట్టాను." ఇంకో అడుగు దగ్గరికి వచ్చింది. "ఆ రోజు పొయ్యి దగ్గర ఏదో అన్నావు. పొగలో చెవులు చూడలేదు. మళ్ళీ అను."

"నువ్వంటే నాకు ఇష్టం," అన్నాను.

ఆమె నా ఎడమ చెవి చూసింది. చుట్టూ తిరిగి కుడి చెవి చూసింది. నా చెవుల మీద ఆ క్షణంలో దుంపలు ఉడికించుకోవచ్చు.

"లింబర్!" నీల్డా గారి అరుపు. "ఊపిరి తియ్యవేం? నీలంగా మారుతున్నావు!"

"కోటా అయిపోయింది డాక్టర్," అన్నాను.

రెండు వెచ్చని చేతులు వచ్చి నా చెవులు మూశాయి. అయినా వినిపించింది.

"నా వాటాలోంచి తీసుకో," అంది తైనారా.